‘టేక్ ఫైవ్’కి ముందూ వెనకా: డేవ్ బ్రూబెక్ ‘టైమ్ సిగ్నేచర్స్’ సంకలనం

డేవ్ బ్రూబెక్ అనగానే చాలామందికి తట్టేది ఒక్కటే, ‘టేక్ ఫైవ్’. జాజ్ జోలికి ఎప్పుడూ పోనివాళ్ళకి కూడా ఏ కేఫ్‌లోనో, యాడ్‌లోనో ఆ ట్యూన్ చెవిన పడే ఉంటుంది. పేరు తెలియకపోయినా మొదలవగానే గుర్తుపట్టేస్తారు. అయితే ఆ ట్యూన్ కట్టింది బ్రూబెక్ కాదు. ఆయన బృందంలో ఆల్టో శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. అరవై ఏళ్ళకు పైగా పియానో వాయించి, చిన్న ట్యూన్ల దగ్గర్నుంచి చర్చి బృందగానాల దాకా రాసిన పియానిస్టు, జనం దృష్టిలో వేరొకరి రచనతో గుర్తుండిపోయారు.

1992లో కొలంబియా/లెగసీ విడుదల చేసిన ‘టైమ్ సిగ్నేచర్స్: ఎ కెరీర్ రెట్రాస్పెక్టివ్’ అనే నాలుగు సీడీల సెట్ ఈ లెక్కని సరిచేస్తుంది. 1940ల నడుమ విద్యార్థి రోజుల నుంచి 1990ల మొదలు దాకా ఆయన రికార్డు చేసినవాటిలోంచి ఏరి, కాలక్రమంలో పెట్టిన సంకలనం ఇది. బ్రూబెక్ పేరుతో ‘బెస్ట్ ఆఫ్’లు లెక్కలేనన్ని వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం 1950ల చివర, 1960ల మొదట్లో వచ్చిన పది, పన్నెండు హిట్లని అటూ ఇటూ తిప్పి వేసినవే. దానికి కారణం సంగీతం కాదు, హక్కులు. ఆయన రికార్డులు ఫాంటసీ, కొలంబియా, అట్లాంటిక్, కాంకర్డ్ లాంటి కంపెనీల మధ్య చెదిరిపోయి ఉన్నాయి. ఏ కంపెనీ అయినా తన దగ్గరున్న టేపులతోనే సంకలనం వేస్తుంది, అదే మనిషి మొత్తం అన్నట్టు అమ్ముతుంది. కొలంబియా వేసిన ఈ సెట్ మాత్రం ముందు రోజుల ఫాంటసీ రికార్డులనీ, తర్వాతి దశాబ్దాలనీ కూడా కలుపుకుంది. అందుకే దీన్ని మొదటి డిస్క్ నుంచి వరసగా వింటే, ఆయన గురించి స్థిరపడిపోయిన ఒక అభిప్రాయం నిలబడదు.

ఆ అభిప్రాయం ఏమిటంటే, బ్రూబెక్ మామూలు జాజ్ వాయించుకుంటూ ఉండి, 1959లో ‘టైమ్ అవుట్’ ఆల్బమ్‌తో ఉన్నట్టుండి ఐదు దెబ్బలూ, తొమ్మిది దెబ్బల తాళాలూ కనిపెట్టారని. అలా జరగలేదు. ఒకదాని మీద ఇంకోదాన్ని నిలబెట్టడం, అంటే ఒక లయ మీద వేరే లయ, ఒక శ్రుతి మీద వేరే శ్రుతి, బరువైన చేతి పక్కన తేలికైన గొంతు, ఇది ఆయనలో మొదటి నుంచీ ఉన్న అలవాటే. ‘టైమ్ అవుట్’ ఆ అలవాటు జనానికి తేలిగ్గా అందిన సందర్భం మాత్రమే.

బ్రూబెక్ 1920 డిసెంబర్ 6న కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో పుట్టారు. తండ్రి పీట్ పశువుల రాంచ్ చూసుకునేవాడు. తల్లి ఎలిజబెత్ ఇంగ్లండ్ వెళ్ళి పియానో నేర్చుకుని వచ్చి, ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పేది. తర్వాత కుటుంబం అయోన్ దగ్గర వేల ఎకరాల రాంచ్‌కి మారింది. గుర్రం మీద గంటల తరబడి పోతున్నప్పుడు గిట్టల చప్పుడు ఒక లయలో పడుతుంటే, దాని మీద మనసులో ఇంకో లయ కట్టుకుంటూ పోయేవాణ్ణని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. నీళ్ళు తోడే చిన్న ఇంజన్ తడబడుతూ కొట్టుకునే చప్పుడు మీదా అదే ఆట. చేసేందుకు వేరే పని లేని పిల్లాడు తనకి తాను పెట్టుకున్న లెక్కలు అవి.

పశువైద్యం చదవడానికే స్టాక్‌టన్‌లోని కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌లో చేరారు. మనసంతా ఎదురుగా ఉన్న సంగీత విభాగం మీదే ఉందని జంతుశాస్త్రం పంతులుగారే గమనించి, అక్కడికే పొమ్మన్నారు. తీరా అక్కడ చివరి సంవత్సరంలో బయటపడిందేమిటంటే, ఈ కుర్రాడికి స్వరలిపి చదవడం రాదు. తల్లి పాఠాల్లో చెవితో పట్టేసి చదువుతున్నట్టు నటించడం చిన్నప్పుడే అలవాటైంది. డిగ్రీ ఇవ్వకూడదని కొందరు పట్టుబడితే, అతని కౌంటర్‌పాయింట్ (రెండు మూడు రాగగతుల అల్లిక), హార్మనీ (కలిసి పలికే స్వరాల కూర్పు) పని చూసిన వేరే అధ్యాపకులు అడ్డుపడ్డారు. జన్మలో పియానో పాఠాలు చెప్పనని మాట తీసుకుని 1942లో పట్టా చేతిలో పెట్టారు. ఈ కథని తమాషాగా చెప్పుకోవడం రివాజు. మొదటి డిస్క్ వింటే ఇది తమాషా కాదనిపిస్తుంది. కాగితం మీంచి కాకుండా చెవిలోంచి కట్టుకున్న సంగీతం కాబట్టే రెండు చేతులూ రెండు దారుల్లో పోయినా ఆయనకి తికమక లేదు.

యుద్ధంలో యూరప్ వెళ్ళి, అక్కడ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వాయించే బ్యాండు నడిపారు. సైన్యంలో జాతుల వారీగా దళాలు విడివిడిగా ఉన్న రోజుల్లో అది మామూలు విషయం కాదు. తిరిగొచ్చాక, సైనికులకి ప్రభుత్వం ఇచ్చే చదువు ఖర్చుతో ఓక్లండ్‌లోని మిల్స్ కాలేజీలో ఫ్రెంచ్ స్వరకర్త డారియస్ మియో దగ్గర చేరారు. మియో ఒకేసారి రెండు, మూడు శ్రుతుల్లో రాయడంలో దిట్ట. జాజ్ వదిలేసి పెద్ద సంగీతంలోకి రమ్మని ఆయన అనలేదు. నీకు వచ్చింది జాజ్, దాన్ని పట్టుకునే రాయమని ప్రోత్సహించారు. గురువు మీద ఎంత గౌరవమంటే పెద్దకొడుకుకి డారియస్ అనే పేరు పెట్టుకున్నారు.

మిల్స్ తోటి విద్యార్థులతో కలిసి కట్టిన ఎనిమిదిమంది బృందం రికార్డులు సెట్‌లో ముందుగా వస్తాయి. వీటి ధ్వని అంత బాగుండదు, వాయింపులోనూ అక్కడక్కడా బిగువు ఎక్కువ. ఓపిక పట్టి వినాలి. ఎందుకంటే ‘టైమ్ అవుట్’కి పదేళ్ళకు పైగా ముందే ఇక్కడ లయ విరుపులూ, శ్రుతుల రాపిడీ కనిపిస్తాయి. ఈ సెట్ చేసిన పెద్ద మేలు ఇదేననిపిస్తుంది. హిట్ల సంకలనం వేసేవాళ్ళు ముందుగా తీసి పక్కన పెట్టేసే భాగాన్ని ఇందులో తలుపు దగ్గరే పెట్టారు.

ఎనిమిదిమందితో పొట్ట గడవదు కాబట్టి ముగ్గురి బృందం వచ్చింది. కాల్ జేడర్ డ్రమ్స్, వైబ్రాఫోన్ వాయించేవారు, రాన్ క్రాటీ బేస్. అది బాగానే నడుస్తుండగా 1951లో హవాయిలో సముద్రంలో దూకబోయి బ్రూబెక్ మెడ విరగ్గొట్టుకున్నంత పనైంది. ప్రాణం దక్కింది గానీ చేతుల్లో నరాల నొప్పి చాలాకాలం వదల్లేదు. వేగంగా ఒక్కొక్క స్వరం పరుగెత్తించే పద్ధతి కష్టమై, గుత్తులు గుత్తులుగా స్వరాలు నొక్కే పద్ధతి వైపు మరింత ఒరిగారు. అదే ఏడాది పాల్ డెస్మండ్‌తో క్వార్టెట్, అంటే నలుగురి బృందం, మొదలైంది.

విమర్శకులు బ్రూబెక్‌ని జీవితమంతా ఒకే మాటతో పొడిచారు. చెయ్యి బరువు, స్వింగ్ (జాజ్ లయలోని ఊపు) లేదు అని. సోలో మొదట్లో చిన్న చిన్న మాటలతో మొదలుపెట్టి, పోనుపోను రెండు చేతులతో పెద్ద పెద్ద దిమ్మెలు పేర్చుకుంటూ పోవడం ఆయనకి రివాజు. కొన్నిసార్లు ఆ దిమ్మెలు నిజంగానే పాట మీద కూలుతాయి. ఇది కాదనక్కర్లేదు. అయితే డెస్మండ్ పక్కన పెట్టి వినాలి. డెస్మండ్ శాక్సఫోన్‌లో గాలి ఎక్కువ, బరువు తక్కువ. అతను ఒక్క తీగ సాగదీసినట్టు వాయిస్తే, వెనకనుంచి బ్రూబెక్ ఒక్కోసారి ఆ శ్రుతికి దూరమైన స్వరాల గుత్తుల్ని తగిలిస్తూ అతణ్ణి రెచ్చగొడతారు. డెస్మండ్ కంగారుపడడు, ఆ కొత్త స్వరాన్నే అందుకుని ఇంకో మలుపు తిప్పుతాడు. చివరికి ఇద్దరూ ఒకరి వాక్యం ఒకరు అందుకుంటూ, ముందు రాసిపెట్టుకున్నట్టు రెండు గీతల అల్లిక చేసేస్తారు. 1953లో ఓబర్లిన్ కాలేజీ కచేరీ రికార్డింగు ఈ జోడీకి మంచి సాక్ష్యం. బరువు ఒక్కటే ఉంటే తప్పు, తేలిక ఒక్కటే ఉంటే చప్పన. రెండూ ఒకచోట ఉండడమే ఈ బృందం.

కాలేజీల్లో కచేరీలు అన్నది బ్రూబెక్ భార్య అయోలా ఆలోచన. పొగ నిండిన క్లబ్బుల్లో అర్ధరాత్రి దాకా వాయించే బదులు కాలేజీలకి ఉత్తరాలు రాసి పిలిపించుకుందామని ఆమే పూనుకుంది. దాంతో జాజ్‌కి కొత్త తరం శ్రోతలు తయారయ్యారు, 1954లో కొలంబియాలో ‘జాజ్ గోస్ టు కాలేజ్’ బాగా అమ్ముడుపోయింది. ఆ ఏడాది నవంబర్‌లో టైమ్ పత్రిక అట్ట మీద ఆయన బొమ్మ వచ్చింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత ఆ గౌరవం దక్కిన రెండో జాజ్ కళాకారుడు బ్రూబెక్. ఆ వేళ ఆయన డెన్వర్‌లో ఉన్నారు. హోటల్ గది తలుపు తట్టి పత్రిక చేతికిచ్చింది జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్. తనకంటే ముందు ఎలింగ్టన్ రావాల్సిన చోటు అదని బ్రూబెక్‌కి తెలుసు. సిగ్గుపడ్డానని చివరిదాకా చెబుతూనే ఉన్నారు. మరుసటి ఏడాది ఆయన కట్టిన ‘ది డ్యూక్’ ఎలింగ్టన్‌కి మొక్కు. దాన్ని ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన ‘మైల్స్ అహెడ్’ ఆల్బమ్‌లో తీసుకున్నారు. బ్రూబెక్ కట్టిన ‘ఇన్ యువర్ ఓన్ స్వీట్ వే’ని కూడా మైల్స్ వాయించారు. స్వింగ్ లేదన్న పియానిస్టు ట్యూన్లు మైల్స్ కచేరీల్లోకి వెళ్ళాయన్నది విమర్శకులు అంతగా పట్టించుకోని విషయం.

1956లో డ్రమ్మర్ జో మొరెల్లో, 1958లో బేసిస్టు యూజీన్ రైట్ చేరడంతో అందరికీ తెలిసిన క్వార్టెట్ పూర్తయింది. అదే 1958లో అమెరికా విదేశాంగ శాఖ వీళ్ళని పెద్ద పర్యటనకి పంపింది. కోల్డ్ వార్ రోజులు. సోవియట్ బ్యాలేకి జవాబుగా అమెరికా జాజ్‌ని పంపుతోంది. పోలండ్, టర్కీ తర్వాత మన దేశానికి వచ్చారు. రాజ్‌కోట్, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులతో పాటు హైదరాబాద్‌లోనూ వాయించారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. మద్రాసులో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రమణ్య పిళ్ళైతో మొరెల్లో కలిసి వాయించారు. బొంబాయిలో సితార్ విద్వాంసుడు అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో బ్రూబెక్ కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చిన ‘జాజ్ ఇంప్రెషన్స్ ఆఫ్ యూరేషియా’లో ‘కలకత్తా బ్లూస్’ అనే రచన ఉంది. అందులో మొరెల్లో కర్రలు పక్కన పెట్టి డ్రమ్స్‌ని చేతులతో వాయిస్తారు. మన సంగీతాన్ని అనుకరించి మెప్పించాలన్న యావ అందులో లేదు. విన్నదాన్ని తనకి చేతనైన బ్లూస్‌లోకి, అంటే అమెరికా నల్లజాతి వాళ్ళ పాట పద్ధతిలోకి, తెచ్చుకున్నారు, అంతే.

ఇస్తాంబుల్ వీధిలో కొందరు వాయిస్తున్న తొమ్మిది దెబ్బల లయ కూడా ఆ పర్యటనలోనే ఆయన చెవిన పడింది. ఇదేమిటని అక్కడి రేడియో వాద్యకారుల్ని అడిగితే, మీకు బ్లూస్ ఎలాగో మాకిది అలాగ అన్నారట. ఆ మాటే ‘బ్లూ రోండో ఆ లా టర్క్’ అయింది. కర్ణాటక సంగీతంతో కాస్తో కూస్తో పరిచయం ఉన్న తెలుగు శ్రోత దీన్ని అమెరికన్ విద్యార్థికంటే తేలిగ్గా పట్టుకోగలరు. తొడ మీద చెయ్యి వేసుకుని ‘తక ధిమి తక తకిట’ అనుకుంటూ పాట పెట్టండి. రెండు, రెండు, రెండు, మూడు. మన సంకీర్ణ గతి సొల్లుకట్టు (నోటితో పలికే లయ అక్షరాలు) అచ్చంగా ఇదే. మూడు ఆవృత్తాలు ఇలా పోయి, నాలుగోది ‘తకిట తకిట తకిట’ అని మూడు మూళ్ళుగా విరుగుతుంది. తొమ్మిది తొమ్మిదే, లోపలి కూర్పు మారింది. మళ్ళీ మూడు పాతవి, ఒకటి కొత్తది. పియానో ఈ నమూనాని మొదట ఒక్కటే వాయిస్తుంది, తర్వాత మిగతావాళ్ళు ఎక్కుతారు.

చాలామంది గమనించనిది ఆ తర్వాతి భాగం. సోలోలు తొమ్మిదిలో లేవు. ముందు కాసేపు రెండు బార్లు (తాళం ఆవృత్తాలు) నాలుగు దెబ్బలది, రెండు బార్లు తొమ్మిది దెబ్బలది అని మార్చి మార్చి పెట్టి, చెవిని ఇటూ అటూ లాగి, చివరికి డెస్మండ్‌ని మామూలు నాలుగు దెబ్బల బ్లూస్‌లోకి వదులుతారు. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టుంటుంది. టర్కీ లయ, అమెరికా బ్లూస్ కలిసి ముద్దైపోలేదు, ఎవరి చోటులో వాళ్ళున్నారు. మధ్యలో ఆ గుంజులాటే పాట. ఎనిమిదిమంది బృందం రోజుల్లో రెండు శ్రుతుల మధ్య చేసిందే ఇక్కడ రెండు లయల మధ్య చేశారు.

‘టేక్ ఫైవ్’ ఐదు దెబ్బలది, మూడు, రెండుగా విరుగుతుంది. మన ఖండచాపు మామూలుగా రెండు, మూడు. కాబట్టి ఖండచాపు కొట్టుకుంటూ వినాలంటే మొదట్లో కాస్త తడబాటు తప్పదు. దీన్ని మొరెల్లో డ్రమ్ సోలో కోసం కట్టారు. ఇక్కడ పియానో ఏం చేస్తోందో వినాలి. బ్రూబెక్ ఈ పాటలో సోలోనే వాయించలేదు. దాదాపు మొదటి నుంచి చివరిదాకా రెండే రెండు స్వరాల గుత్తుల ఊపుని వదలకుండా కొడుతూ కూర్చున్నారు. కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో అది ఎన్ని లెక్కలు వేసినా గాయకుడి చెయ్యి తాళం వేస్తూనే ఉంటుంది. ఆ చెయ్యి చేసే పనే ఇక్కడ పియానోది. అది ఉంది కాబట్టే మొరెల్లో దెబ్బలకి మధ్య అంతంత ఖాళీలు వదలగలిగారు, ఐదు లెక్కపెట్టడం రానివాళ్ళు కూడా దారి తప్పలేదు. పేరున్న పియానిస్టు తన అతి పెద్ద హిట్‌లో చేసిన పని తాళం వేయడం. మెచ్చుకోవాల్సింది అదే.

రెండేళ్ళ తర్వాత వచ్చిన ‘అన్‌స్క్వేర్ డాన్స్’ ఏడు దెబ్బలది. బేస్ ఒకటి, మూడు, ఐదు మీద పడుతుంది. చప్పట్లు రెండు, నాలుగు, ఆరు, ఏడు మీద. అంటే నాలుగు, మూడుగా విరిగే ఏడు. మిశ్రచాపుని తిరగేసిన విలోమ చాపు ఇలాగే ఉంటుంది. శ్యామశాస్త్రి కృతుల పరిచయం ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. రెండు నిమిషాల పాట. చివర ఎవరూ తప్పకుండా ఒడ్డెక్కామన్న ఆనందంతో మొరెల్లో నవ్విన నవ్వు టేపులో అలాగే ఉంచేశారు. ‘త్రీ టు గెట్ రెడీ’లో రెండు బార్లు మూడు దెబ్బలవి, రెండు బార్లు నాలుగువి, మొత్తం పద్నాలుగు. ‘విరిబోణి’ వర్ణంలోని అట తాళానికీ పద్నాలుగే, విరుపు మాత్రం ఐదు, ఐదు, రెండు, రెండు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక అవసరం. బ్రూబెక్ లెక్కల్లో మన తాళ వ్యవస్థ లోతు వెతకడం ఆయనకీ, మనకీ కూడా న్యాయం కాదు. లెక్కతో కట్టే ముగింపులైన ముక్తాయింపులూ, కోర్వలూ ఇక్కడ లేవు. లయని పొరలు పొరలుగా లెక్కవేసే శాస్త్రం మనది. ఆయన లయ మీద హార్మనీ ఎక్కి కూర్చుంటుంది, ఆ రెంటి మధ్య ఒరిపిడిలోంచి సంగీతం పుడుతుంది. ఐదుకి ఐదు, ఏడుకి ఏడు సరిచూసుకుని మనకిది ఎప్పుడో తెలుసు అని ఊరుకుంటే అసలు వినాల్సింది దాటిపోతుంది.

‘టైమ్ అవుట్’ని కొలంబియాలో అమ్మకాల వాళ్ళు వద్దన్నారు. అన్నీ సొంత రచనలే, జనానికి తెలిసిన పాట ఒక్కటీ లేదు, డాన్స్ చేయడానికి కుదరదు, అట్ట మీద ఫొటో బదులు నీల్ ఫుజిటా వేసిన పెయింటింగు. కంపెనీ అధ్యక్షుడు గొడార్డ్ లీబర్సన్ ఆల్బమ్‌కి అండగా నిలిచారు. దానికి బదులుగా తెలిసిన పాత పాటలతో ‘గాన్ విత్ ది విండ్’ అనే ఆల్బమ్ చేసిపెట్టాల్సి వచ్చింది. 1959 జూన్ నుంచి ఆగస్టు దాకా న్యూయార్క్‌లోని 30వ వీధి స్టూడియోలో రికార్డు చేసి డిసెంబర్‌లో వదిలారు. 1961కల్లా అది బిల్‌బోర్డ్ పాప్ ఆల్బమ్‌ల పట్టికలో రెండో స్థానానికి, ‘టేక్ ఫైవ్’ సింగిల్ పాప్ పాటల పట్టికలో 25వ స్థానానికి చేరాయి. 1977లో డెస్మండ్ చనిపోతూ ఆ పాట మీద వచ్చే రాయల్టీ అమెరికన్ రెడ్ క్రాస్‌కి రాసిపోయారు.

ఈ పేరు వచ్చిన రోజుల్లోనే బ్రూబెక్ డబ్బు వదులుకున్న సంగతి సీడీల్లో వినిపించదు. యూజీన్ రైట్ నల్లజాతి మనిషి. 1960లో దక్షిణాది కాలేజీల టూర్ ఖాయమైంది. బేసిస్టుని మార్చి తెల్లవాణ్ణి తెస్తేనే రానిస్తామని ఇరవైకి పైగా కాలేజీలు పట్టుబట్టాయి. బ్రూబెక్ టూరే వదిలేశారు. అంతకు రెండేళ్ళ ముందు అదే రైట్‌తో కలిసి అమెరికా ప్రజాస్వామ్యానికి ప్రతినిధిగా దేశదేశాలూ తిరిగొచ్చిన బృందం అది. ఆ వైరుధ్యం భార్యాభర్తల్ని వదల్లేదు. ఇద్దరూ కలిసి ‘ది రియల్ అంబాసిడర్స్’ అనే సంగీత నాటకం రాశారు. ప్రధాన పాత్ర లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1961లో రికార్డు చేసి, మరుసటి ఏడాది మాంటెరీ జాజ్ ఉత్సవంలో ఒక్కసారి ప్రదర్శించారు. జాతి వివక్షని ఎగతాళి చేస్తూ, శ్రోతలు నవ్వాలని రాసిన ఒక పాటని ఆర్మ్‌స్ట్రాంగ్ నవ్వులాటగా పాడలేదు. దేవుడు నాలా ఉంటాడా అన్న ప్రశ్నని నిజంగా అడుగుతున్నట్టు, కళ్ళ నీళ్ళతో పాడారు. జనాన్ని నవ్వించే మనిషిగానే ఆర్మ్‌స్ట్రాంగ్‌ని చూసేవాళ్ళు ఆ రికార్డు ఒక్కసారి వినాలి.

1967 డిసెంబర్‌లో క్వార్టెట్ విడిపోయింది. పేరూ డబ్బూ బాగా ఉన్నప్పుడే ఆపేశారు. పెద్ద బృందగాన రచనలు రాసుకోవడానికి తీరిక కావాలన్నది కారణం. 1968లో ‘ది లైట్ ఇన్ ది విల్డర్నెస్’ అనే ఒరాటోరియో (మతపరమైన కథని బృందగానంగా పాడే పెద్ద రచన), 1969లో యూదులనీ నల్లజాతి వాళ్ళనీ ఒకే వేదిక మీదికి తెచ్చే ‘ది గేట్స్ ఆఫ్ జస్టిస్’, కెంట్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థుల మీద జరిగిన కాల్పుల తర్వాత ‘ట్రూత్ ఈజ్ ఫాలెన్’, ఆపైన ‘టు హోప్!’ అనే మాస్ (చర్చి ఆరాధన సంగీతం). ఈ సెట్‌లో లోటు తెలిసేది ఇక్కడే. గంట గంటసేపు నడిచే రచనల్ని నాలుగు సీడీల్లో ఇరికించడం కుదిరే పని కాదు. ముక్క కోసి పెట్టినా ఉపయోగం లేదు. ఒరాటోరియోలో ఒక బృందగానాన్ని మాత్రమే వినడం నాటకంలో ఒక్క పద్యం వినడం లాంటిది. ఎందుకు పాడుతున్నారో తెలియదు. కాబట్టి ఈ సంకలనంలో కనిపించే బ్రూబెక్ ప్రధానంగా చిన్న బృందాల బ్రూబెక్. తన జీవితంలో ముఖ్యమైన పనిగా ఆయన అనుకున్నదానికి దొరికిన చోటు తక్కువ. దీన్ని సంకలనకర్తల తప్పనడం కంటే, సంకలనం అనే ప్రక్రియకే ఉన్న హద్దు అనడం సబబు. మూడు నుంచి పది నిమిషాల మధ్య ముగిసే సంగీతానికే అందులో వీలు.

చివరి భాగాన్ని చాలామంది దాటేస్తారు, దాటకూడదు. బారిటోన్ శాక్సఫోన్ విద్వాంసుడు జెరీ మల్లిగన్‌తో కొన్నేళ్ళు, తర్వాత కొడుకులు డారియస్, క్రిస్, డాన్‌లతో, మధ్యలో 1976లో పాత క్వార్టెట్ పునఃకలయిక. 1980లలో బృందంలోకి క్లారినెట్‌తో వచ్చిన బిల్ స్మిత్ ఎవరో కాదు, మిల్స్ రోజుల ఎనిమిదిమందిలో ఒకరు. మొదటి డిస్క్‌లో కుర్రాళ్ళుగా తడబడుతూ వినిపించిన ఇద్దరు, ముప్పై ఏళ్ళు దాటాక అవే రెండు శ్రుతుల ఆటల్ని తీరిగ్గా ఆడడం కాలక్రమంలో పేర్చిన సెట్‌లోనే తెలుస్తుంది. స్ట్రీమింగ్‌లో షఫుల్ నొక్కి వింటే ఈ ముడి కనపడదు. వరసకి ఇంత విలువున్న సంకలనాలు అరుదు.

అలాగని కొత్తగా వినేవాళ్ళు మొదటి డిస్క్‌తో మొదలుపెట్టక్కర్లేదు. ముందు ‘టైమ్ అవుట్’ని మొత్తంగా, ‘టేక్ ఫైవ్’ దగ్గర ఆగకుండా వినడం మంచిది. ‘స్ట్రేంజ్ మెడో లార్క్’ మొదట్లో తాళం లేకుండా రెండు నిమిషాలు ఒంటరిగా వాయించిన పియానో వింటే, బరువైన చెయ్యి అన్న మాటకి సగం జవాబు దొరుకుతుంది. తర్వాత ‘యూరేషియా’, ఓబర్లిన్ కచేరీ. అప్పుడు ఈ సెట్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా వరసగా వెళ్తే, ఎనిమిదిమంది బృందం రికార్డుల్లోని బిగువుని కూడా క్షమించగలిగే చెవి తయారై ఉంటుంది.

1992లో ‘కెరీర్ మొత్తం’ అని ముద్రించి అమ్మినప్పుడు బ్రూబెక్ వయసు డెబ్బై దాటింది, అంతా అయిపోయిందనే అనుకుని ఉంటారు. ఆయన ఇంకో ఇరవై ఏళ్ళు బతికి, అందులో ఎక్కువ కాలం కచేరీలు చేస్తూనే ఉన్నారు. 2012 డిసెంబర్ 5న, 92వ పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు పోయారు. ఈ సెట్‌లో లేని ఆ ఇరవై ఏళ్ళ కోసం టెలార్క్ కంపెనీ వేసిన రెండు ఆల్బమ్‌లు వినాలి. 2005లో ‘లండన్ ఫ్లాట్, లండన్ షార్ప్’, 2007లో ‘ఇండియన్ సమ్మర్’. రెండోది ఎవరి తోడూ లేని ఒంటరి పియానో. 86 ఏళ్ళ మనిషి వేళ్ళకి వేగం తగ్గింది. ఆ దిమ్మెలు పేర్చడం మానేసి, స్వరానికీ స్వరానికీ మధ్య చోటు వదులుతూ పాత పాటల్ని నెమ్మదిగా విప్పుతారు. అయినా కుడిచెయ్యి పాట పాడుతుండగా ఎడమచెయ్యి ఒక్కోసారి ఇంకో శ్రుతిలోకి జారుతుంది.